ఎల్‌డాప్ సెర్చ్ ఎసింక్‌లో పంపినా ఈవెంట్ లూప్ ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న

సీ భాషలో రాసిన మెయిల్ పాలసీ సర్వర్ ఇది. ఒకే థ్రెడ్, లిబ్‌ఈవీ లూప్ (ఏ సాకెట్‌లో డేటా వచ్చిందో చూసి తగిన ఫంక్షన్‌ని పిలిచేది). వచ్చే ప్రతి మెయిల్ చిరునామానూ ఎల్‌డాప్ (డైరెక్టరీని ప్రశ్నించే ప్రోటోకాల్) ద్వారా వాడుకరుల వివరాలుండే డైరెక్టరీలో వెతకాలి. ఇవతల ఓపెన్‌ఎల్‌డాప్ 2.6 క్లయింట్ లైబ్రరీ, అవతల మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీ సర్వర్, మధ్యలో స్టార్ట్‌టీఎల్‌ఎస్ (మామూలు కనెక్షన్‌ని టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్‌లోకి మార్చేది). ఎల్‌డాప్_సెర్చ్_ఎక్స్ట్‌తో ఎసింక్‌గా (జవాబు కోసం ఆగకుండా) అభ్యర్థన పంపి, సాకెట్‌లో డేటా ఉందని లూప్ చెప్పగానే ఎల్‌డాప్_రిజల్ట్‌ని ఒకసారి పిలుస్తున్నాం.

రెండు ఇబ్బందులు. ఒకటి, కొన్ని సెర్చ్‌లకు జవాబు రానట్టే ఉంటుంది. ఇంకో సెర్చ్ పంపితే అప్పుడు పాతదాని జవాబు బయటికొస్తుంది. రెండు, అప్పుడప్పుడు లూప్ మొత్తం కొన్ని సెకన్ల పాటు బిగుసుకుపోతోంది. సర్వర్ లాగ్‌లో మాత్రం ప్రతి సెర్చ్ మిల్లీసెకన్లలోనే పూర్తయినట్టు ఉంది.

జవాబు 1

మొదటిదానికి కారణం ఆ "ఒకసారి" అన్న మాటే. సాకెట్ నుంచి ఒక్క రీడ్‌లో నాలుగైదు సందేశాలు కలిసి రావచ్చు. టీఎల్‌ఎస్ రికార్డు ఒక్కోటి 16 కేబీ దాకా ఉంటుంది, దాంట్లో చిన్న ఎంట్రీలు చాలా పడతాయి. మీరు ఒక సందేశం తీసుకున్నారు, మిగతావి లైబ్రరీ బఫర్‌లో కూర్చున్నాయి. కెర్నల్ దృష్టిలో సాకెట్ ఖాళీ, కాబట్టి ఈపోల్ (సాకెట్లను కనిపెట్టే లినక్స్ సదుపాయం) లూప్‌ని మళ్ళీ లేపదు. లెవెల్ ట్రిగర్ (డేటా ఉన్నంతసేపూ లేపే పద్ధతి) పెట్టినా ఫలితం ఇంతే, ఎందుకంటే డేటా ఇప్పుడు కెర్నల్ దగ్గర లేదు.

కాల్‌బ్యాక్‌లో ఎల్‌డాప్_రిజల్ట్‌ని 0 వచ్చేదాకా తిప్పండి. సందేశం ఐడీ స్థానంలో ఎల్‌డాప్_రెస్_ఎనీ, దాని తర్వాతి స్థానంలో ఎల్‌డాప్_ఎంఎస్‌జీ_వన్, టైమౌట్‌గా సెకన్లూ మైక్రోసెకన్లూ రెండూ సున్నా ఉన్న టైమ్‌వాల్ ఇవ్వండి. ఇక్కడ నల్ పాయింటర్ ఇస్తే "వెంటనే తిరిగి రా" అని అర్థం కాదు, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. చాలా కోడ్‌లో ఈ పొరపాటే ఉంటుంది.

వచ్చిన సందేశం ఎవరిదో ఎల్‌డాప్_ఎంఎస్‌జీఐడీ చెబుతుంది. సెర్చ్ పంపినప్పుడు దొరికిన ఐడీని కీగా పెట్టి హ్యాష్ టేబుల్‌లో కాల్‌బ్యాక్ వెతుక్కోవాలి. రకం 100 అయితే ఎంట్రీ, 115 అయితే రిఫరెన్స్, 101 అయితే ఆ సెర్చ్ ముగిసింది. 101 వచ్చాకే టేబుల్ నుంచి తీసేయండి. ఎంట్రీ రాగానే పని అయిపోయిందని తీసేస్తే ఆ తర్వాత వచ్చే 101కి యజమాని ఉండడు. ప్రతి సందేశాన్నీ ఎల్‌డాప్_ఎంఎస్‌జీఫ్రీ చేయడం మరవొద్దు. -1 వస్తే కనెక్షన్ పోయినట్టు లెక్క, టేబుల్‌లో ఉన్నవాటన్నిటినీ విఫలం చేయాలి.

జవాబు 2

రెండోదానికి నా మొదటి అనుమానం రిఫరల్స్ ("మిగతాది ఫలానా సర్వర్‌లో వెతుకు" అనే సూచనలు) మీద. డొమైన్ మూలం నుంచి సబ్‌ట్రీ సెర్చ్ (కింది కొమ్మలన్నిటిలో వెతకడం) చేస్తే యాక్టివ్ డైరెక్టరీ ఎంట్రీలతో పాటు ఫారెస్ట్‌డీఎన్‌ఎస్‌జోన్స్, డొమైన్‌డీఎన్‌ఎస్‌జోన్స్, కాన్ఫిగరేషన్ వైపు రిఫరెన్సులు పంపుతుంది. లైబ్రరీలో రిఫరల్స్ వెంబడించడం మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. అంటే మీరు సున్నా టైమౌట్ ఇచ్చిన ఎల్‌డాప్_రిజల్ట్ లోపలే డీఎన్‌ఎస్ వెతికి, కొత్త సాకెట్ తెరిచి, అనామకంగా బైండ్ (లాగిన్) చేయడానికి ప్రయత్నిస్తుంది. ఆ సాకెట్ గురించి మీ లూప్‌కి తెలియనే తెలియదు. ఎల్‌డాప్_ఆప్ట్_రిఫరల్స్‌ని ఆఫ్ చేసి మళ్ళీ కొలవండి.

అయినా ఆగుతుంటే కనెక్ట్ అయ్యే దశ చూడండి. ఎల్‌డాప్_ఇనిషియలైజ్ అసలు కనెక్ట్ చేయదు, మొదటి ఆపరేషన్ అప్పుడే చేస్తుంది. అందుకే దానికి ముందు ఎల్‌డాప్_ఆప్ట్_డెస్క్ అడిగితే పనికొచ్చే డిస్క్రిప్టర్ (సాకెట్ నంబర్) దొరకదు. ఎల్‌డాప్_ఆప్ట్_కనెక్ట్_ఎసింక్ అనే ఆప్షన్ ఉంది. అది టీసీపీ కనెక్ట్ దగ్గర ఆగనివ్వదు, కానీ హోస్ట్ పేరు వెతకడం బ్లాక్ అవుతూనే ఉంటుంది. పేరు చివర _ఎస్ ఉన్న స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఫంక్షన్ పూర్తిగా ఆగే రకం.

కనెక్ట్, స్టార్ట్‌టీఎల్‌ఎస్, సర్వీస్ ఖాతా బైండ్ ఈ మూడూ ఒక వర్కర్ థ్రెడ్‌లో చేయించి, సిద్ధమైన హ్యాండిల్‌ని పైప్ ద్వారా లూప్‌కి అప్పగించండి. అప్పగించాక వర్కర్ దాన్ని ముట్టుకోకూడదు. వర్కర్‌లో నెట్‌వర్క్ టైమౌట్ 5 సెకన్లు పెడితే చాలు.

ప్రశ్న అడిగినవారు

రిఫరల్స్ ఆఫ్ చేయగానే బిగుసుకుపోవడం పోయింది, 0 వచ్చేదాకా తిప్పితే జవాబులూ వెంటనే వస్తున్నాయి. ధన్యవాదాలండీ. ఇంకో రెండు సందేహాలు. సెర్చ్ పంపేటప్పుడు టైమౌట్ ఇస్తున్నాం కదా, అది సరిపోతుందా? వాడుకరి పాస్‌వర్డ్ సరిచూడటానికి ఇదే కనెక్షన్ మీద బైండ్ పంపొచ్చా?

జవాబు 1

సరిపోదు. ఎసింక్ సెర్చ్‌లో ఆ టైమౌట్ సర్వర్‌కి పంపే పరిమితి మాత్రమే. సర్వరే అందకుండా పోతే మీ వైపు గడియారం తిప్పేవాళ్ళు లేరు. ప్రతి సెర్చ్‌కీ లూప్‌లో సొంత టైమర్ పెట్టి, గడువు దాటితే ఎల్‌డాప్_అబాండన్_ఎక్స్ట్ పిలవండి. అబాండన్‌కి ప్రోటోకాల్‌లో జవాబు లేదు, కాబట్టి దానికోసం ఎదురుచూడకుండా టేబుల్ నుంచి అప్పుడే తీసేయండి.

బైండ్ మాత్రం ఈ కనెక్షన్ మీద వద్దే వద్దు. బైండ్ జవాబు వచ్చేదాకా క్లయింట్ ఆ కనెక్షన్ మీద ఇంకేమీ పంపకూడదని ఎల్‌డాప్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4511 నియమం. పైగా బైండ్ అయ్యాక మీ సెర్చ్‌లు ఆ వాడుకరి హక్కులతో నడుస్తాయి. పాస్‌వర్డ్‌ల కోసం వేరే కనెక్షన్లు పెట్టుకోండి. ఖాళీ పాస్‌వర్డ్‌ని సర్వర్‌కి పంపకముందే తిరస్కరించండి: పేరు ఉండి పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న బైండ్‌ని కొన్ని సర్వర్లు అనామక బైండ్‌గా లెక్కేసి విజయం అని చెబుతాయి. మీ ప్రోగ్రామ్ తలుపు తీసేస్తుంది.

జవాబు 3

చిరునామాని ఫిల్టర్‌లో (సెర్చ్ షరతులో) పెట్టేముందు నక్షత్రం, బ్రాకెట్లు, బ్యాక్‌స్లాష్, సున్నా బైట్‌ని \2ఎ, \28, \29, \5సి, \00 రూపాల్లోకి మార్చుతున్నారో లేదో చూసుకోండి. మెయిల్ చిరునామా బయటివాళ్ళు ఇచ్చేది, అందులో ఈ గుర్తులుంటే ఫిల్టర్ అర్థమే మారిపోతుంది.

యాక్టివ్ డైరెక్టరీ డిఫాల్ట్‌గా 900 సెకన్లు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని తెంపేస్తుంది. రాత్రిళ్ళు మెయిల్ తగ్గినప్పుడు ఇది ఖాయం. తిరిగి కనెక్ట్ చేసేటప్పుడు ముందు లూప్ నుంచి వాచర్‌ని (ఆ సాకెట్‌ని కనిపెట్టేదాన్ని) ఆపి, ఆ తర్వాతే ఎల్‌డాప్_అన్‌బైండ్_ఎక్స్ట్ పిలవండి. వరుస తిరగబడితే అదే డిస్క్రిప్టర్ నంబర్ ఇంకో సాకెట్‌కి వచ్చి, పాత వాచర్ దాని మీద మేల్కొంటుంది.