పగలు కూడా ఆరని ఎల్‌ఈడీ: ఎల్‌డీఆర్ సర్క్యూట్‌లో తప్పెక్కడుంది?

ఫిజికల్ సైన్స్ టీచర్, కల్వకుర్తి:
అందరికీ నమస్కారం. మాది కల్వకుర్తి దగ్గర జడ్పీ హైస్కూల్. సైన్స్ ఫెయిర్ కోసం తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక చిన్న సర్క్యూట్ చేయిస్తున్నాను. చీకటి పడితే దానంతటదే వెలగాలి, వెలుతురు వస్తే ఆరిపోవాలి. సామాన్లు: 9 వోల్టుల బ్యాటరీ, బీసీ547 ట్రాన్సిస్టర్ (దానికి బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్లు), ఒక ఎల్‌డీఆర్ (వెలుతురు పెరిగితే రెసిస్టెన్స్ తగ్గే రెసిస్టర్), రెండు రెసిస్టర్లు, ఎర్ర ఎల్‌ఈడీ, బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా భాగాలు గుచ్చి కలిపే బోర్డు).

బ్యాటరీ ప్లస్ నుంచి ఒక రెసిస్టర్ బేస్‌కు పెట్టాం. బేస్ నుంచి మైనస్‌కు ఎల్‌డీఆర్. ప్లస్ నుంచి 470 ఓమ్ రెసిస్టర్, ఎల్‌ఈడీ వరసగా కలెక్టర్‌కు వచ్చాయి. ఎమిటర్ నేరుగా మైనస్‌కు. పటంలో ఉన్నది ఉన్నట్టే చేశాం. కానీ తరగతి గదిలో పట్టపగలు కూడా ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంది. ఎల్‌డీఆర్ మీద సెల్‌ఫోన్ టార్చి దగ్గరగా పెడితే సన్నగిల్లుతుంది. వరండాలో ఎండ పడే చోట పెడితే పూర్తిగా ఆరింది. గదిలోకి తెస్తే మళ్లీ వెలుగుతుంది. పిల్లలు ట్రాన్సిస్టర్ పాడైందంటున్నారు. దుకాణం మాకు దూరం, ఊరికే కొత్తది కొనడం ఇష్టం లేదు. ఏం చూడాలో చెప్పండి.

ఐటీఐ విద్యార్థి, వనపర్తి:
మేడం, ఎల్‌డీఆర్ ఉన్న చోట రెసిస్టర్, రెసిస్టర్ ఉన్న చోట ఎల్‌డీఆర్ పెట్టి చూడండి. మా లాబ్‌ల అట్లనే చేసినం, పనిచేసింది.

టీవీ మెకానిక్, మహబూబ్‌నగర్:
తమ్మీ, అట్ల మారిస్తె వెలుతురుల వెలిగి చీకట్ల ఆరే సర్క్యూట్ అయితది. మీ లాబ్‌ల చేసింది అదే అయ్యుంటది. మేడంకు కావాల్సింది దానికి ఉల్టా.

మేడం, నమస్తే. ఇప్పుడే ఏదీ మార్చొద్దు. మీరు చెప్పిన మూడు సంగతులు చాన మంచి ఆధారాలు. టార్చి కొడితె తగ్గుతున్నదంటె ఎల్‌డీఆర్ దాని తావులనే ఉన్నది. ఎండల ఆరిందంటె ట్రాన్సిస్టర్ బతికే ఉన్నది, కాళ్లు కూడ సరిగ్గనే పెట్టిన్రు. కాలిపోయిన ట్రాన్సిస్టర్ ఎండను చూసి ఆరదు గదా. తప్పు బేస్‌కు పోయే రెసిస్టర్ విలువలనే ఉంటదని నా అనుమానం. దాని మీద రంగు గీతలు ఏమేం ఉన్నయో చెప్పండి. మల్టీమీటర్ ఉంటె ఇంక మంచిది.

టీచర్:
ఉంది సార్, డిజిటల్ మల్టీమీటర్. రెసిస్టర్ నీలం రంగుది. గీతలు బ్రౌన్, నలుపు, నలుపు, ఎరుపు, చివర బ్రౌన్. పటంలో 100 కిలో ఓమ్ అని ఉంది. పిల్లలు రంగులు లెక్కపెట్టి సరిపోయిందన్నారు.

మెకానిక్:
దొరికింది మేడం. అది 10 కిలో ఓమ్.

ఖాకీ రంగు రెసిస్టర్లకు నాలుగు గీతలుంటయి: రెండు అంకెలు, ఒక గుణకం, చివర టాలరెన్స్ (విలువ ఎంత అటు ఇటు ఉండొచ్చో). నీలం వాటికి ఐదుంటయి: మూడు అంకెలు, తర్వాత గుణకం. మీదాంట్ల 1, 0, 0, ఆ పైన ఎరుపు అంటె రెండు సున్నలు. మొత్తం 10,000 ఓమ్‌లు. 100 కిలో అయితె నాలుగో గీత ఆరెంజ్ ఉండాలె. పిల్లల తప్పేం లేదు, పుస్తకాల్ల ఎక్కువగ నాలుగు గీతలవే చూపిస్తరు. నేనైతె ప్రతి రెసిస్టర్‌ను మీటర్‌తోని కొలిచే బోర్డు మీద పెడ్త. ట్యూబ్‌లైటు కింద ఎరుపూ ఆరెంజూ ఒక్కతీర్గనే కనపడ్తయి.

రెసిస్టర్ మార్చేముందు పిల్లలకు ఒక పని చెప్పండి. ఎల్‌డీఆర్‌ను బోర్డు మీద నుంచి తీసి, మీటర్ ఓమ్స్‌ల పెట్టి, గదిల ఎంత చూపిస్తదో, చేత్తోని మూస్తె ఎంతనో, వరండాల ఎంతనో రాయమనండి. రెండు కాళ్లనూ వేళ్లతోని పట్టుకోవద్దు, ఒంటి రెసిస్టెన్స్ కూడ కలుస్తది. మూసినంక కొన్ని సెకండ్లు ఆగి చూడాలె, చీకట్ల దాని విలువ మెల్లగ పెరుగుతది. 20 కిలో రేంజిల ఎడమ పక్క 1 ఒక్కటే కనబడితె రేంజి దాటిందని అర్థం, 2 మెగాకు తిప్పండి.

టీచర్:
కొలిచాం సార్. గదిలో వెనక బెంచీ దగ్గర 3.5 కిలో ఓమ్‌లు. వరండాలో ఎండకు 300 ఓమ్‌ల లోపే. నల్ల గుడ్డ చుట్టి చేత్తో మూస్తే 20 కిలో దాటిపోయింది, 2 మెగా రేంజిలో 600 కిలో దాకా ఎక్కి ఇంకా మెల్లగా పెరుగుతోంది. ఒక్క వస్తువులో ఇంత తేడానా అని పిల్లలు ఒకటే ఆశ్చర్యం.

మెకానిక్:
ఆ ఆశ్చర్యమే కావాలె మేడం. ఇంక లెక్క చేయించండి, మొత్తం సర్క్యూట్ అందులనే ఉన్నది.

రెసిస్టర్, ఎల్‌డీఆర్ రెండూ 9 వోల్టులను అన్నదమ్ములు పాలు పంచుకున్నట్టు పంచుకుంటయి. ఎవరి ఓమ్‌లు ఎక్కువైతె వాళ్లకు ఎక్కువ వోల్టేజి. ఎల్‌డీఆర్ మీద పడ్డ వోల్టేజే బేస్‌కు అందుతది. బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య సుమారు 0.6 నుంచి 0.7 వోల్టు వస్తెనే ట్రాన్సిస్టర్ తెరుచుకొని ఎల్‌ఈడీకి కరెంటు పోనిస్తది. దానికి తక్కువైతె మూసుకొని ఉంటది. అంతే సంగతి.

మీ 10 కిలోతోని: గదిల ఎల్‌డీఆర్ 3.5 కిలో. 9ని 3.5తోని గుణించి 13.5తోని భాగిస్తె 2.3 వోల్టులు. 0.7కు ఎంతో ఎక్కువ, అందుకే పగలు కూడ వెలుగుతున్నది. ఎండల 300 ఓమ్‌లకు 0.26 వోల్టే వస్తది, అందుకే ఆరింది. 100 కిలో పెడితె గదిల 9ని 3.5తోని గుణించి 103.5తోని భాగించాలె, 0.3 వోల్టు. ఆరిపోతది. ఎల్‌డీఆర్ సుమారు 7, 8 కిలోలు దాటినంక వెలుగుడు మొదలైతది, అంటె గదిల సందె వెలుగు పడ్డట్టు.

ఒక మాట ముందే చెప్త, లేకపోతె పిల్లలు తికమకపడ్తరు. ఇప్పుడున్న 10 కిలో సర్క్యూట్‌ల బేస్ దగ్గర మీటర్ పెడితె 2.3 రాదు, 0.7 దగ్గరనే ఆగుతది. బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య లోపల డయోడ్ (కరెంటును ఒక్క దిక్కే పోనిచ్చేది) ఉన్నది, అది వోల్టేజిని అంతకు మించి ఎక్కనియ్యదు. మిగిలింది బేస్ కరెంటుగ పోతది. లెక్క తప్పయిందనుకోవద్దు. ట్రాన్సిస్టర్‌ను తీసి కొలిస్తె 2.3 కనబడ్తది. రెండూ కొలిపించి చూపిస్తె పిల్లలు డయోడ్ సంగతి జన్మల మర్చిపోరు.

ఐటీఐ విద్యార్థి:
అన్నా, 100 కిలో బదులు ప్రీసెట్ (తిప్పి ఓమ్‌లు మార్చుకునే రెసిస్టర్) పెడితె ఎప్పుడు వెలగాలో మనమే తిప్పుకోవచ్చు గదా?

మెకానిక్:
పెట్టొచ్చు తమ్మీ, పెడ్తెనే మంచిది. 100 కిలో ప్రీసెట్ పెట్టి, దానికి వరసల 10 కిలో రెసిస్టర్ తప్పకుండ ఉంచాలె. లేకపోతె ప్రీసెట్‌ను చివరిదాకా తిప్పినప్పుడు 9 వోల్టులు నేరుగ బేస్‌కు తగులుతయి, ట్రాన్సిస్టర్ పోతది. మేడం, మీ 10 కిలో అట్ల పనికొస్తది, పారేయకండి.

టీచర్:
100 కిలో పెట్టాం, గదిలో ఆరిపోయింది! గుడ్డ కప్పితే వెలుగుతోంది. ట్రాన్సిస్టర్ మారుద్దామన్న పిల్లవాడే ఇప్పుడు అందరికీ లెక్క చెప్తున్నాడు. చాలా ధన్యవాదాలు సార్. ఒక్క సమస్య మాత్రం మిగిలింది. అట్టపెట్టెతో ఇంటి బొమ్మ చేసి ఎల్‌ఈడీని, ఎల్‌డీఆర్‌ను పక్కపక్కనే బిగించాం. గది చీకటి చేస్తే ఎల్‌ఈడీ పూర్తిగా వెలగకుండా సగం వెలుగుతో ఉండిపోతోంది.

మెకానిక్:
ఎల్‌ఈడీ వెలుగు ఎల్‌డీఆర్ మీదనే పడుతున్నది మేడం. వెలగంగనే ఎల్‌డీఆర్‌కు పొద్దు పొడిచినట్టు అయితది, ట్రాన్సిస్టర్ మూసుకోబోతది. వెలుగు తగ్గంగనే మళ్లీ తెరుచుకుంటది. రెండిటికి మధ్యల ఒకచోట నిలబడ్డది. ఎల్‌డీఆర్‌కు నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి గొట్టం లెక్క చెయ్యండి, దాని మూతి ఎల్‌ఈడీ దిక్కు కాకుండ పైకి ఆకాశం దిక్కు పెట్టండి. ఇంటి కప్పు మీద పెడితె చూడ్డానికి కూడ బాగుంటది. బయట వీధిలైట్లకు సెన్సర్‌ను దీపం పైన పెట్టేది అందుకే.

ఒక పెద్దాయన, మిర్యాలగూడ:
మా ఊర్లె వీధిలైట్లు తెల్లారినా ఆర్పేటోళ్లు లేరు. ఈ సర్క్యూట్‌కే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) పెట్టి లైట్ల లైనుకు కలిపితే కాదా?

మెకానిక్:
పెద్దాయన, దండం పెట్టి చెప్తున్న, ఆ పని చెయ్యొద్దు. అది 230 వోల్టులు. బ్రెడ్‌బోర్డు మీద, పిల్లల చేతుల, అట్టపెట్టెల ఆ కరెంటు ఉండగూడదు. వీధిలైట్ల కోసం వాన పడ్డా తట్టుకునే ఫోటోసెల్ స్విచ్చులు తయారుగ దొరుకుతయి. పంచాయతీకి చెప్పి, కరెంటు బంద్ చేయించి, తెలిసిన ఎలక్ట్రీషియన్ తోనే పెట్టించాలె.

మేడం, పిల్లలు రిలే చూపించాలనుకుంటె 12 వోల్టుల అడాప్టర్, 12 వోల్టుల రిలే, 12 వోల్టుల చిన్న బల్బుతోనే చూపించండి. 9 వోల్టుల చిన్న బ్యాటరీ రిలేను ఎక్కువ సేపు మొయ్యదు. ఇప్పుడున్న సర్క్యూట్‌కు రిలే పెట్టుట్ల రెండు చిక్కులున్నయి.

ఒకటి, రిలే లాగదు. మామూలు చిన్న 12 వోల్టుల రిలే కాయిల్ సుమారు 400 ఓమ్‌లు, అంటె 30 మిల్లీ ఆంపియర్లు కావాలె. 100 కిలో గుండ బేస్‌కు వచ్చేది 0.11 మిల్లీ ఆంపియర్. ట్రాన్సిస్టర్ దాన్ని 200 రెట్లు చేసినా 22 దాటదు. అందుకే ఇంకో బీసీ547 కావాలె: మొదటిదాని ఎమిటర్ రెండోదాని బేస్‌కు, రెండిటి కలెక్టర్లు కలిపి రిలేకు, రెండోదాని ఎమిటర్ మైనస్‌కు. అప్పుడు రెండు డయోడ్లు దాటాలె గాబట్టి 0.65 కాదు, సుమారు 1.3 వోల్టు దగ్గర తెరుచుకుంటది. ప్రీసెట్ జర తిప్పుకోవాలె.

రెండోది, రిలే కాయిల్‌కు అడ్డంగ 1ఎన్4007 డయోడ్, తెల్ల గీత ప్లస్ దిక్కు. అది లేకపోతె రిలే విడిచినప్పుడు కాయిల్ ఉల్టా కొట్టే వోల్టేజికి ట్రాన్సిస్టర్ పోతది. చానామంది దీన్నే మర్చిపోతరు, తర్వాత ట్రాన్సిస్టర్ నాసిరకం అంటరు.

బత్తాయి రైతు, దేవరకొండ వైపు:
అన్నా, మా తోటల గుడిసె దగ్గర కరెంటు లేదు. అడవి పందుల భయానికి రాత్రి ఒక లైటు కావాలె, పెద్దగ అక్కర్లేదు. ఎమర్జెన్సీ లైట్ల వచ్చే 4 వోల్టుల బ్యాటరీ, 6 వోల్టుల చిన్న సోలార్ ప్లేటు ఉన్నయి. ఎల్‌డీఆర్ పెడితె పున్నమి నాడు వెన్నెలకు ఆరిపోతదా?

మెకానిక్:
ఆరదన్నా. మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్స్ (వెలుతురు కొలత), నిండు వెన్నెల ఒక్క లక్స్‌ల మూడోవంతు కూడ ఉండదు. మన కంటికి వెన్నెల చాన అనిపిస్తది గాని ఎల్‌డీఆర్‌కు అది చీకటే.

కాని నీకు ఎల్‌డీఆరే అక్కర్లేదు. సోలార్ ప్లేటే వెలుగును చూసే కన్ను. ప్లేటు ప్లస్ నుంచి 1ఎన్4007 డయోడ్ పెట్టి బ్యాటరీ ప్లస్‌కు, తెల్ల గీత బ్యాటరీ దిక్కు. మైనస్‌లన్నీ ఒక్కటిగ కలుపు. బీసీ557 ట్రాన్సిస్టర్ తీసుకో, ఇది మేడం పెట్టినదానికి ఉల్టా రకం. ఎమిటర్ బ్యాటరీ ప్లస్‌కు. బేస్ నుంచి 1 కిలో రెసిస్టర్ ప్లేటు ప్లస్‌కు, డయోడ్‌కు ముందు ప్లేటు పక్కనే కలపాలె. ప్లేటు ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య 2.2 కిలో. కలెక్టర్ నుంచి తెల్ల ఎల్‌ఈడీలు, ఒక్కోదానికి విడిగ 47 ఓమ్, మూడు దాకా.

పగలు ప్లేటు వోల్టేజి బ్యాటరీ కన్న పైన ఉంటది, బేస్ పైకి పోయి ట్రాన్సిస్టర్ మూసుకుంటది. పొద్దు గూకితె ప్లేటు వోల్టేజి పడిపోతది, 2.2 కిలో బేస్‌ను కిందికి గుంజుతది, లైట్లు వెలుగుతయి. డయోడ్ రాత్రి బ్యాటరీ కరెంటు ప్లేటులకు పోకుండ ఆపుతది.

ప్లేటును బత్తాయి చెట్టు నీడల పెట్టొద్దు, పగలే లైట్లు వెలిగి బ్యాటరీ ఖాళీ అయితది. ముఖం దక్షిణం దిక్కు వంచి పెట్టు, దుమ్ము తుడుస్తుండాలె.

రైతు:
బీసీ557, బీసీ547 చూడనీకి ఒక్కతీర్గనే ఉంటయి గదా, కాళ్లు ఎట్ల గుర్తుపట్టాలె? ఇక్కడ దొరకకపోతె యాడ తెచ్చుకోవాలె?

మెకానిక్:
రెండిటికీ వరస ఒక్కటే. చదునుగ ఉన్న ముఖం నీ దిక్కు, కాళ్లు కిందికి పెట్టి చూస్తె ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. వేరే నంబర్లకు ఈ వరస మారుతది, అందుకే నంబరు చదవకుండ పెట్టొద్దు. మీ పట్నంల టీవీ రిపేర్ దుకాణంల అడుగు, చానామంది దగ్గర ఉంటయి. లేకపోతె హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లీల అన్నీ దొరుకుతయి, ఒక్కటి కాకుండ నాలుగైదు తెచ్చుకో. బ్రెడ్‌బోర్డు మీద సరిచూసుకున్నంక తోటల పెట్టేదాన్ని మాత్రం సోల్డరింగ్ చెయ్యాలె. బ్రెడ్‌బోర్డు ఎండకూ గాలికీ రెండు రోజులల్ల వదులైతది.