సమస్యాపూరణం: గాలి కంటితో నిల్లెల్లఁ గాంచుచుండె

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం మీ పద్యానికి చివరి పాదంగా అమర్చి పూరింపవలసిన తేటగీతి (నాలుగు పాదాల పద్యఛందస్సు) పాదం ఇది.

"గాలి కంటితో నిల్లెల్లఁ గాంచుచుండె"

గాలికి కన్నెక్కడిదని తోచవచ్చు. దీని గుట్టు ఆంగ్లంలోని 'విండో' అనే మాటలో ఉన్నది. స్కాండినేవియాలోని వైకింగుల భాషయైన పాత నార్సులో 'విండ్ర్' అంటే గాలి, 'ఔగ' అంటే కన్ను. ఆ రెంటి సమాసమైన 'విండౌగ' వైకింగులు ఇంగ్లండులో స్థిరపడిన తరువాత అక్కడి వాడుకలో కలిసి, 1200 ప్రాంతం నుండి ఆంగ్లరచనలలో కనబడుతున్నది. అంతకు ముందు ఆంగ్లేయులకు 'కంటితలుపు', 'కంటిరంధ్రం' అనే అర్థాలిచ్చే సొంత మాటలుండేవి.

మొదటి పూరణ:

నార్సు పల్లెల నిండ్లపై నడుమ నున్న
కంతకే గాలికన్నని కలిగెఁ బేరు;
సందు దొరికినఁ జాలు నా చంద్రుఁ డిదిగొ
గాలి కంటితో నిల్లెల్లఁ గాంచుచుండె.

నిర్వాహకుడు: అమ్మా, మీ పూరణ మనోహరంగా ఉన్నది. చూచేది గాలి కాదు, చంద్రుడు; 'గాలికన్ను' సమాసం కావడంతో అసంగతి దానంతట అదే తొలగింది. అద్దాలు బిగించిన నేటి కిటికీని తలచుకొంటే ఆ పేరు పొసగదు కాని, పొగను పోనిచ్చి వెలుగును రానిచ్చే కప్పులోని కంతకు అది సరిగ్గా అతుకుతుంది. మూడవ పాదంలో 'సం–చం' సరసయతి (స, చ అక్షరాలకు పొత్తు కుదిర్చే యతి) చక్కగా కుదిరింది.

రెండవ పూరణ:

నాఁడు మనవారు వాతాయనమ్మటంచు
గాలి దారికిఁ బేరిడి కంటి కొఱకు
వేఱె పేరు గవాక్షమ్ము, విండొ యొకటె
గాలి కంటితో నిల్లెల్లఁ గాంచుచుండె.

నిర్వాహకుడు: ఆర్యా, భావం నన్ను ఎంతగానో ఆకట్టుకొన్నది. గాలి నడిచే త్రోవ వాతాయనం, ఆవు కన్ను గవాక్షం. సంస్కృతం రెండు పదాలలో దాచుకొన్న గాలినీ కన్నునూ నార్సు ఒక్క పదంలో ఇమిడ్చింది. అయితే 'పేరిడి' (పేరు పెట్టి) అన్న క్త్వార్థకానికి, అంటే అసంపూర్ణక్రియకు, వాక్యాన్ని ముగించే సమాపకక్రియ లేక అన్వయం తెగుతున్నది. "గాలి దారినిఁ బిల్చిరి, కంటి కొఱకు" అంటే గణాలూ యతీ చెడకుండా వాక్యం పూర్తవుతుంది.

రెండవ పూరణకర్త: గురువుగారికి నమస్సులు. మీరు చూపిన సవరణను స్వీకరించి పద్యాన్ని మార్చుకొన్నాను.