సువర్ణభూమి నుండి పట్టాయాకు రాత్రివేళ: బస్సా, ముందే మాట్లాడుకున్న వ్యానా?

మా విమానం బ్యాంకాక్ శివార్లలోని సువర్ణభూమి విమానాశ్రయంలో రాత్రి 7:20కి దిగుతుంది. అక్కడి నుండి పట్టాయా సుమారు 120 కిలోమీటర్లు. మా బస పట్టణానికి ఉత్తరాన ఉన్న నక్లువాలో. మేము నలుగురం, మూడు పెద్ద పెట్టెలు, అందులోనూ మా అమ్మగారు మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ దూరం నడవలేరు.

విమానాశ్రయం కింది అంతస్తు నుండి పట్టాయా మీదుగా, దానికి దక్షిణాన ఉన్న జోమ్‌తియెన్ వెళ్లే బస్సు చవకే గానీ, ఆఖరి బస్సు వేళ ఒక్కో వెబ్‌సైటులో ఒక్కో విధంగా కనిపిస్తోంది. పైగా అది నక్లువా లోపలికి పోదు కనుక, సుఖుమ్‌విత్ రహదారి మీద దిగి ఆ చీకట్లో మరో బండి వెతుక్కోవాలి. మీటరు టాక్సీ అనుకుంటే, అక్కడ చాలా టాక్సీల డిక్కీలో గ్యాస్ సిలిండరే సగం చోటు ఆక్రమిస్తుంది. కారు పంపగలరా అని హోటలుకు రెండుసార్లు ఈమెయిల్ రాసినా జవాబు రాలేదు.

ఇటీవల ఇదే వేళకు దిగి నక్లువా చేరినవారు, ఇమిగ్రేషన్ ముగిసేసరికి బస్సు అందుతుందని నమ్మవచ్చో, లేక ముందుగానే వ్యాను మాట్లాడుకోవడమే మేలో దయచేసి చెప్పగలరా?