ఇన్సూరెన్స్ తీసుకోని థెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఎంత వెనక్కి వస్తుంది, ఎలా రాబట్టాలి? (అమెరికా)

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్)

తెలుగు మాట్లాడే థెరపిస్ట్ దొరికారు. టెక్సస్ లైసెన్స్ ఉంది, వీడియోలో చూస్తారు. సెషన్ 55 నిమిషాలు, ఫీజు 200 డాలర్లు. మా ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో మాత్రం లేరు. మాది మావారి కంపెనీ ఇచ్చిన పీపీఓ (నెట్‌వర్క్ బయటివాళ్ళ దగ్గరికి వెళ్ళినా కొంత కట్టే ప్లాన్). ఔటాఫ్ నెట్‌వర్క్‌కి డిడక్టిబుల్ (ప్లాన్ కట్టడం మొదలయ్యేలోపు ఏడాదికి మనమే భరించాల్సింది) 1,000 డాలర్లు, అది దాటాక ప్లాన్ 60 శాతం కడుతుంది అని రాసుంది. అంటే 200లో 120 వెనక్కి వస్తాయని లెక్కేసుకోవచ్చా? సూపర్‌బిల్ ఇస్తామంటున్నారు, దాన్ని తీసుకుని ఏం చెయ్యాలి? నేను హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్నాను. ఇవన్నీ రేపు గ్రీన్‌కార్డుకి అడ్డం వస్తాయేమోనని కూడా భయంగా ఉంది.

జవాబు (మెడికల్ బిల్లింగ్ పనిలో ఉన్నవారు)

120 రావండి. మొదటి సెషన్‌కి ముందే ఈ లెక్క తేల్చుకోండి, లేకపోతే మూడు నెలల తర్వాత మనసు విరిగి థెరపీయే మానేస్తారు.

ప్లాన్ ఇచ్చే 60 శాతం థెరపిస్ట్ ఫీజు మీద కాదు, "అలౌడ్ అమౌంట్" మీద. ఆ సర్వీసుకి ఇంత చాలు అని ప్లాన్ తనకి తాను పెట్టుకున్న రేటు అది. కొన్ని ప్లాన్లు మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకి ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్) రేటుకి ఇన్ని శాతం అని లెక్క కడతాయి. కొన్ని ఫెయిర్ హెల్త్ అనే సంస్థ డేటా చూసి, ఆ జిప్‌కోడ్‌లో మామూలుగా తీసుకునే ఫీజుల్ని బట్టి పెడతాయి. మెడికేర్ లెక్క అయితే సాధారణంగా తక్కువ వస్తుంది.

మాటవరసకి మీ ప్లాన్ అలౌడ్ అమౌంట్ 140 అనుకుందాం. మీరు 200 కడతారు, కానీ డిడక్టిబుల్ ఖాతాలో పడేది 140 మాత్రమే. మిగతా 60 డాలర్లు ఎక్కడా జమ కాదు, ఔటాఫ్ పాకెట్ మాక్సిమమ్‌లో (ఏడాదికి మీరు భరించాల్సిన గరిష్ఠ మొత్తంలో) కూడా. ఏడు సెషన్లకి 980 అయింది. ఎనిమిదో సెషన్‌లో 20 డిడక్టిబుల్‌కి పోయి, మిగిలిన 120లో 60 శాతం, అంటే 72 డాలర్లు వస్తాయి. తొమ్మిదో సెషన్ నుంచి ఒక్కోదానికి 84. ఏడాదికి 40 సెషన్లు వెళ్తే మీరు కట్టేది 8,000, వెనక్కి వచ్చేది 2,760. సగటున సెషన్‌కి 131 మీ జేబులోంచి పోతుంది. భరించగలరా అన్నది ఈ 131తో ఆలోచించండి, 80తో కాదు.

ప్లాన్ సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందో కూడా చూడండి. జనవరిలో మొదలయ్యే ప్లాన్ అయి, మీరు వారానికోసారి చొప్పున అక్టోబర్ నెలాఖరులో థెరపీ మొదలుపెడితే, డిడక్టిబుల్ దాటే వేళకి సంవత్సరం అయిపోతుంది, మళ్ళీ సున్నా నుంచి. కొన్ని ప్లాన్లలో చివరి మూడు నెలల్లో జమైనది వచ్చే ఏడాదికి కలుపుతారు, అడిగి తెలుసుకోండి. మధ్యలో కంపెనీ మారితే కొత్త ప్లాన్‌లో డిడక్టిబుల్ కొత్తగా మొదలవుతుంది. కోబ్రా (ఉద్యోగం మానినా పాత కంపెనీ ప్లాన్‌నే సొంత డబ్బుతో కొనసాగించడం) తీసుకుంటే మాత్రం పాత ప్లానే కాబట్టి కట్టింది అలాగే ఉంటుంది.

కార్డు వెనక మానసిక ఆరోగ్యానికి వేరే నంబర్ ఉందేమో చూసి దానికే ఫోన్ చెయ్యండి. చాలా ప్లాన్లలో ఆ క్లెయిములు చూసే సంస్థే వేరు. అడగాల్సినవి: ఔట్‌పేషెంట్ మెంటల్ హెల్త్‌కి ఔటాఫ్ నెట్‌వర్క్ డిడక్టిబుల్ ఎంత, ఇప్పటికి ఎంత జమైంది? 90791, 90834, 90837 (థెరపీ సెషన్ల బిల్లింగ్ కోడ్‌లు, వీటికి) మా జిప్‌లో అలౌడ్ అమౌంట్ ఎంత, ఏ పద్ధతిలో కడతారు? ముందస్తు అనుమతి కావాలా? వీడియో సెషన్‌కి కూడా ఇదేనా? క్లెయిమ్ ఎన్ని రోజుల్లోపు పంపాలి? అలౌడ్ అమౌంట్ చెప్పలేమంటారు చాలామంది. పద్ధతైనా చెప్పమనండి. ఫెయిర్ హెల్త్ వాళ్ళ వినియోగదారుల వెబ్‌సైట్‌లో జిప్, కోడ్ కొడితే అంచనా ఉచితంగా వస్తుంది. ఫోన్ పెట్టేసేలోపు కాల్ రిఫరెన్స్ నంబర్ తప్పకుండా రాసుకోండి.

జవాబు (థెరపీ ఆఫీసు నిర్వహణ తెలిసినవారు)

సూపర్‌బిల్ గురించి నేను చెప్తాను. పేరు పెద్దదిగానీ అది వివరంగా ఉన్న రసీదే. అందులో ఉండాల్సినవి: మీ పేరు, పుట్టిన తేదీ, చిరునామా. థెరపిస్ట్ పేరు, లైసెన్స్ నంబర్, పది అంకెల ఎన్‌పీఐ (వైద్య సేవలందించేవాళ్ళకి ఇచ్చే గుర్తింపు నంబర్), ట్యాక్స్ ఐడీ. ఒక్కో సెషన్‌కి ఒక్కో వరుస: తేదీ, సర్వీస్ కోడ్, డయాగ్నసిస్ కోడ్, ఫీజు, మీరు కట్టింది. మొత్తం కలిపి "మార్చి నెల, 800 డాలర్లు" అని ఒకే ముక్క రాసిస్తే అది చెల్లదు.

కోడ్ నిమిషాలని బట్టి ఉంటుంది. తొలి పరీక్ష సెషన్ 90791. తర్వాత 38 నుంచి 52 నిమిషాలైతే 90834, 53, ఆ పైన అయితే 90837. మీది 55 కాబట్టి 90837. రెండు మూడు నిమిషాల తేడాతో అటూ ఇటూ అవుతుంది, అందుకని నిజంగా ఎంతసేపు మాట్లాడారో అదే రాయాలి. వీడియో అయితే కోడ్ పక్కన 95 అనే మాడిఫయర్ (కోడ్‌కి తగిలించే అదనపు గుర్తు), మీరు ఇంట్లో ఉంటే ప్లేస్ ఆఫ్ సర్వీస్ (సేవ ఎక్కడ అందిందో చెప్పే నంబర్) 10 వెయ్యడం మామూలు. ఆఫీసుకి వెళ్తే 11. వీడియోలో చూసి 11 వేస్తే క్లెయిమ్ ఆగవచ్చు.

ఇక మనవాళ్ళ దగ్గర పదేపదే వచ్చే చిక్కు పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, ఇన్సూరెన్స్ కార్డులో ఇంకోచోట ఉంటుంది. కొందరి కార్డు మీద మొదటి పేరు దగ్గర "ఎఫ్‌ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని ఉంటుంది. థెరపిస్ట్ దగ్గర మీరు పిలుపు పేరు చెప్తే సూపర్‌బిల్ మీద అదే వస్తుంది, క్లెయిమ్ సిస్టమ్‌కి మీరెవరో తెలియదు. మొదటి రోజే కార్డు ఫోటో రెండువైపులా పంపి, అక్షరం పొల్లుపోకుండా అలాగే వెయ్యమనండి.

పంపడం తేలిక. ఇన్సూరెన్స్ పోర్టల్లో "సబ్మిట్ ఎ క్లెయిమ్" ఉంటుంది, సూపర్‌బిల్ పీడీఎఫ్, కట్టిన రసీదు ఎక్కించండి. డబ్బు ఎవరికి వెళ్ళాలి అన్నచోట మెంబర్ అని ఎంచుకోండి. సీఎంఎస్-1500 అనే క్లెయిమ్ ఫారం వాడితే 13వ గడిలో సంతకం పెట్టకండి, పెడితే చెక్కు థెరపిస్ట్‌కి వెళ్తుంది. నెలకోసారి పంపండి. ఏడాది మూట కట్టి డిసెంబర్లో పంపితే, కోడ్‌లో ఉన్న చిన్న తప్పు నలభైసార్లూ తిరిగొస్తుంది. మీ తరఫున క్లెయిమ్ వేసే యాప్‌లున్నాయి, కొంత రుసుం తీసుకుంటాయి. పోర్టల్లో మీరే వేస్తే ఖర్చు లేదు.

మొదటి ఈఓబీ (క్లెయిమ్‌కి ప్లాన్ ఎంత లెక్కకట్టిందో చెప్పే కాగితం) వచ్చినప్పుడు కంగారు పడకండి. బిల్లు 200, అలౌడ్ 140, డిడక్టిబుల్ 140, ప్లాన్ కట్టింది 0 అని ఉంటుంది. ఆ సున్నా చూసి "తిరస్కరించారు" అనుకుని పంపడం మానేస్తారు. అది తిరస్కారం కాదు, 140 జమైంది అన్నమాట. మానేస్తే డిడక్టిబుల్ ఎప్పటికీ దాటదు. నిజంగా తిరస్కరిస్తే కింద కారణం రాసి ఉంటుంది.

జవాబు (మెడికల్ బిల్లింగ్ చేసేవారు, మళ్ళీ)

తిరస్కరణ సంగతి కలుపుతాను. కంపెనీ ప్లాన్ అయితే మామూలుగా క్లెయిమ్ అందిన 30 రోజుల్లో తేల్చాలి. కాదంటే, ఆ ఉత్తరం అందిన రోజు నుంచి 180 రోజుల్లోపు అప్పీల్ చేసుకోవచ్చు. కానీ ఎన్‌పీఐ లేదు, కోడ్ తప్పు లాంటి వాటికి అప్పీల్ అక్కర్లేదు. సూపర్‌బిల్ సరిచేయించి "కరెక్టెడ్ క్లెయిమ్" అని పంపండి. ఆ మాట లేకుండా పంపితే డూప్లికేట్ అని పక్కన పడేస్తారు.

సరిచేయించలేనివీ ఉన్నాయి. లైఫ్ కోచ్‌లకి ప్లాన్ కట్టదు. సొంత లైసెన్స్ ఇంకా రాని అసోసియేట్ థెరపిస్ట్ అయితే చాలా ప్లాన్లు ఒప్పుకోవు, ముందే అడగండి. ఫీజు తగ్గించి 120 తీసుకున్నప్పుడు సూపర్‌బిల్ మీద 200 వెయ్యమని, లేదా డయాగ్నసిస్ మార్చమని థెరపిస్ట్‌ని అడగొద్దు. అది మోసం కిందికి వస్తుంది, వాళ్ళ లైసెన్స్ పోవచ్చు.

ప్రశ్న (ఫ్రిస్కో)

చాలా థాంక్సండీ. రెండు సందేహాలు. క్లెయిమ్ నా పేరు మీదైనా ఉత్తరాలు, చెక్కు మావారికి వెళ్తాయా? నా డయాగ్నసిస్ అందరికీ తెలియడం నాకు ఇష్టం లేదు. ఇంకోటి, నెట్‌వర్క్‌లో తెలుగువాళ్ళే లేనప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు ఏమీ చెయ్యరా?

జవాబు (థెరపీ ఆఫీసు)

అవును, ఈఓబీ, చెక్కు మామూలుగా పాలసీ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకే వెళ్తాయి. ఆపాలంటే మొదటి క్లెయిమ్‌కి ముందే "కాన్ఫిడెన్షియల్ కమ్యూనికేషన్ రిక్వెస్ట్" ఫారం అడిగి, మీ ఈమెయిల్ లేదా వేరే చిరునామా ఇవ్వండి. ఆ సమాచారం బయటపడితే మీకు హాని జరగవచ్చు అని రాసిస్తే, హిపా (ఆరోగ్య వివరాల గోప్యత) చట్టం ప్రకారం ప్లాన్ ఒప్పుకుని తీరాలి. కాలిఫోర్నియాలో చట్టం ఇంకా గట్టిది, 2022 జూలై నుంచి ఇలాంటి సేవల వివరాలు నేరుగా ఆ వ్యక్తికే పంపాలి. ఫారం ఇచ్చాక పాలసీదారు పోర్టల్లో మీ క్లెయిములు కనబడతాయా, చెక్కు ఎవరి పేరున వస్తుంది అని విడిగా అడగండి, ఫారం ఒక్కటే వీటిని ఆపకపోవచ్చు. ఇంట్లో ఎవరివల్లనైనా ప్రమాదం ఉందనుకుంటే ఇన్సూరెన్స్ జోలికే పోకుండా డబ్బు కట్టి వెళ్ళడం మేలు. క్లెయిమ్ వెయ్యనివాళ్ళకి థెరపిస్ట్ ముందే రాతపూర్వకంగా అంచనా ఇవ్వాలి, 2022 జనవరి నుంచి ఇది చట్టం. బిల్లు ఆ అంచనాని 400 డాలర్లు, ఆ పైన దాటితే 120 రోజుల్లోపు ఫిర్యాదు చెయ్యొచ్చు.

సెషన్‌లో మీరు చెప్పుకున్న మాటలు క్లెయిమ్‌తో వెళ్ళవండి. వెళ్ళేది తేదీ, కోడ్, డయాగ్నసిస్, ఫీజు.

రెండో దానికి దారుంది, చాలామందికి తెలియదు. "నెట్‌వర్క్ గ్యాప్ ఎక్సెప్షన్" అంటారు. నెట్‌వర్క్‌లో తగినవాళ్ళు లేరని మీరు చూపిస్తే, బయటి థెరపిస్ట్‌ని నెట్‌వర్క్‌లో ఉన్నట్టే లెక్కేస్తారు. ముందుగా వాళ్ళ డైరెక్టరీలోంచి పదిమందికి ఫోన్ చేసి కాగితం మీద రాయండి: పేరు, తేదీ, ఏమన్నారు. "కొత్తవాళ్ళని తీసుకోవట్లేదు", "రెండు నెలలు ఆగాలి", "తెలుగు రాదు", "నంబర్ పనిచెయ్యట్లేదు". ఆ జాబితాతో ఫోన్ చేసి, తెలుగు వచ్చినవాళ్ళని మీరే వెతికిపెట్టండి అనండి. వాళ్ళూ చూపలేకపోతే ఎక్సెప్షన్‌కి దరఖాస్తు పెట్టించండి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకి భాష ఒక్కటే కారణంగా చూపితే కాదనవచ్చు. ఈ సమస్యకి మాతృభాషలోనే చికిత్స ఎందుకు అవసరమో మీ డాక్టర్ రాసిన ఉత్తరం జతచేస్తే బలం వస్తుంది.

అనుమతి వస్తే రాతలో తీసుకోండి. ఏ కోడ్‌లకి, ఎన్ని సెషన్లకి, ఏ తేదీ దాకా అని ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, థెరపిస్ట్‌తో రేటు కుదుర్చుకున్నారా లేదా. దాన్ని "సింగిల్ కేస్ అగ్రిమెంట్" అంటారు. అది లేకుండా ఎక్సెప్షన్ మాత్రమే ఇస్తే శాతం పెరుగుతుందిగానీ, 200కీ 140కీ మధ్య ఉన్న 60 మీ నెత్తి మీదే ఉంటుంది. థెరపీ మొదలుపెట్టాక అడిగితే గడిచిన సెషన్లకి ఇవ్వడం అరుదు, అందుకని ఇదే మొదటి పని.

జవాబు (వీసా వ్యవహారాలు తెలిసినవారు)

ఇన్సూరెన్స్ క్లెయిములు ఇమిగ్రేషన్‌కి వెళ్ళవమ్మా. గ్రీన్‌కార్డుకి చేసే ఐ-693 వైద్య పరీక్షలో మానసిక ఆరోగ్యం దగ్గర చూసేది మానసిక సమస్య వల్ల తనకో, ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. ఆందోళనకి థెరపీ తీసుకోవడం ఒక్కటే అడ్డం కాదు. డాక్టర్ అడిగితే నిజం చెప్పండి. భయపడి చికిత్స ఆపొద్దు. టర్మ్ లైఫ్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు మాత్రం ఆరోగ్య చరిత్ర అడుగుతారు.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ)

హైదరాబాద్‌లో ఉన్న సైకాలజిస్ట్‌తో వీడియోలో మాట్లాడితే క్లెయిమ్ వెయ్యొచ్చా? భార్యాభర్తల కౌన్సెలింగ్‌కి ఇస్తారా? మాది ఈపీఓ.

జవాబు (మెడికల్ బిల్లింగ్)

ఈపీఓ, హెచ్‌ఎంఓ అనే రకం ప్లాన్లకి ఎమర్జెన్సీ తప్ప ఔటాఫ్ నెట్‌వర్క్ సాధారణంగా ఉండదు. మీకు మిగిలింది గ్యాప్ ఎక్సెప్షనే. దానికంటే ముందు కంపెనీలో ఈఏపీ (ఉద్యోగుల సహాయ కార్యక్రమం) ఉందేమో చూడండి, కొన్ని సెషన్లు ఉచితంగా వస్తాయి. హైదరాబాద్ వారికి ఎన్‌పీఐ ఉండదు, న్యూజెర్సీ లైసెన్స్ ఉండదు, క్లెయిమ్ వెళ్ళదు. సెషన్ సమయంలో మీరు ఏ రాష్ట్రంలో కూర్చున్నారో అక్కడ చూసే అధికారం థెరపిస్ట్‌కి ఉండాలి. మీరు రెండు నెలలు ఇండియా వెళ్తే ఇక్కడి థెరపిస్ట్‌తో సెషన్లు కొనసాగుతాయా అన్నది కూడా ముందే మాట్లాడుకోవాలి.

దంపతుల కౌన్సెలింగ్‌లో డయాగ్నసిస్ దగ్గర జెడ్63.0 (దంపతుల మధ్య సమస్యలకి కోడ్) మాత్రమే ఉంటే చాలా ప్లాన్లు కట్టవు. ఇద్దరిలో ఒకరికి డయాగ్నసిస్ అయిన సమస్య ఉండి, దాని చికిత్సలో భాగంగా ఇద్దరినీ చూస్తే 90847 కోడ్‌తో వెయ్యొచ్చు.

మీ జేబులోంచి పోయేదానికి హెచ్‌ఎస్‌ఏ, ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకి పన్ను పడకుండా డబ్బు పక్కన పెట్టే ఖాతాలు) మీకు ఉంటే వాడుకోండి. 2026కి హెచ్‌ఎస్‌ఏ పరిమితి ఒక్కరికి 4,400, కుటుంబానికి 8,750, ఎఫ్‌ఎస్‌ఏ 3,400 డాలర్లు. డయాగ్నసిస్ ఉన్న చికిత్సకే ఇది చెల్లుతుంది, కేవలం కాపురం సర్దుబాటుకి కాదు. ఇన్సూరెన్స్ తిరిగిచ్చిన భాగానికి మళ్ళీ వాడకూడదు. పై లెక్కలో 200 కట్టి 84 వెనక్కి వస్తే, 116కే వాడాలి. అందుకని ఈఓబీ వచ్చేదాకా ఆగి తీసుకోండి. ఉద్యోగం పోతే హెచ్‌ఎస్‌ఏ మీతోనే ఉంటుంది, ఎఫ్‌ఎస్‌ఏ సాధారణంగా ఆ రోజుతో ఆగిపోతుంది. వీసా మీద ఉన్నవాళ్ళు జనవరిలో ఎఫ్‌ఎస్‌ఏకి ఎంత పెట్టాలో ఇది చూసుకుని నిర్ణయించుకోండి.