ఓపెన్‌కాస్టులొచ్చాక చావులు తగ్గాయి కదా, ఇంకా భూగర్భ బొగ్గు బావులు ఎందుకు?

బాయిబిడ్డ, ఉప్పల్ | రాత్రి 9:40

మొన్న ఆదివారం బోడుప్పల్‌లో ఒక బారసాలకు మా బొగ్గు ఊరి వాళ్లం ఓ పదిమందిమి కలిశాం. భోజనాలయ్యాక మొదలైన వాదన రాత్రి పదైనా తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

మా నాన్న కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పని. తెలియని వాళ్ల కోసం: షాట్ (పేలుడు మందు) పేల్చాక కూలిన బొగ్గును చెమ్మస్ అనే పారతో తట్టకెత్తి, మోసుకెళ్లి టబ్బులో, అంటే పట్టాల మీద నడిచే చిన్న బొగ్గు బండిలో పోయాలి. నేను ఆరో తరగతిలో ఉండగా ఆయన ఎడమ చెయ్యి రెండు టబ్బుల మధ్య పడి రెండు వేళ్లు పోయాయి. ఏ కంపెనీ, ఏ బావి అన్నది రాయను. అప్పటి నుంచి షిఫ్టు దిగే టైం దాటి పావుగంటైతే చాలు, అమ్మ వచ్చి వాకిట్లో నిలబడేది. నన్ను బాయికి పంపేది లేదని పట్టు పట్టింది కూడా ఆమే.

ఇప్పుడు అసలు విషయం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు పోటెత్తి 17 మంది పోయారు. 2021 నవంబర్ 10న శ్రీరాంపూర్‌లో కప్పు కూలి నలుగురు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు. అన్నీ భూగర్భ గనులే. ఓపెన్‌కాస్టు అంటే పైనుంచి మట్టి తీసేసి తవ్వే గొయ్యి, అందులో నెత్తి మీద కప్పే ఉండదు, ఇక కూలేదేంటి? పైగా భూగర్భ గనిలో బొగ్గు అమ్మితే వచ్చే దానికంటే తీయడానికయ్యే ఖర్చే ఎక్కువ. అలాంటప్పుడు అవన్నీ మూసేసి మనుషుల్ని పైకి తెచ్చేస్తే పోదా? బారసాలలో ఈ మాట అంటే నన్ను మేనేజ్‌మెంట్ మనిషి అన్నారు. మీరూ అంటారా?

లెక్కలపంతులు, కూకట్‌పల్లి | రాత్రి 10:05

తమ్మీ, నిన్నేమీ అనను గానీ ‘చావులు తగ్గాయి’ అన్నావు చూడు, అక్కడ కాసేపు ఆగుదాం.

గని ప్రమాదాలకు రెండు లెక్కలుంటాయి. పనిచేసే వెయ్యి మందికి ఎందరు పోయారన్నది ఒకటి. పది లక్షల టన్నుల బొగ్గుకు ఎందరు పోయారన్నది రెండోది. గనుల భద్రత చూసే డీజీఎంఎస్, అదే ధన్‌బాద్‌లో ఉన్న కేంద్ర సంస్థ, రెండూ ఇస్తుంది. మీటింగుల్లో, పాంప్లెట్లలో మాత్రం మనకు తరచూ రెండోదే వినిపిస్తుంది.

1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా మనుషులు పనిచేసేవాళ్లు, ఏడాదికి తీసిన బొగ్గు రెండు కోట్ల టన్నుల లోపే. 2023–24లో తీసింది 7 కోట్ల టన్నులు. అంటే చావుల్లో ఒక్కటి కూడా తగ్గకపోయినా టన్నుల లెక్కలో మూడున్నర రెట్లు తగ్గినట్టు కనిపిస్తుంది. డంపర్లు (పెద్ద టిప్పర్ లారీలు), షావెళ్లు (తవ్వే యంత్రాలు) బొగ్గు ఎక్కువ తీస్తాయి, భిన్నంలో కింద ఉన్న అంకె ఉబ్బుతుంది. అంతే.

పోనీ తలల లెక్క చూసినా, అప్పటి లక్ష పైచిలుకు మంది ఇప్పుడు నలభై వేల చిల్లరకు వచ్చారు. ఒక్కో మనిషి నెత్తి మీది ప్రమాదం అలాగే ఉన్నా మొత్తం చావులు సగానికి పైగా పడిపోవాలి. అంతకు మించి ఎంత తగ్గిందో, అదే నిజంగా రక్షణ వల్ల తగ్గింది. అది అసలు లేదని నేననడం లేదు. కప్పు రాయిని ఇనుప బోల్టులతో బిగించే రూఫ్ బోల్టింగ్ వచ్చింది, తట్టా చెమ్మస్ పోయి యంత్రాలు వచ్చాయి. కానీ తగ్గినదంతా ఓపెన్‌కాస్టు ఖాతాలో రాసెయ్యకు.

కరెంటుబిల్లు, మణికొండ | రాత్రి 10:22

అన్ని పనుల్లోనూ రిస్క్ ఉంది బాస్. నేను రోజూ బైక్ మీద ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డులో వస్తాను, నా ప్రాణానికి మాత్రం గ్యారంటీ ఎవరిచ్చారు? మేలో హైదరాబాద్‌లో రెండు గంటలు కరెంటు పోతే అందరూ తిడతారు. ఆ బొగ్గు ఎవరో ఒకరు తియ్యాలిగా.

ఇంకో మాట, ఎవరికీ నచ్చదు గానీ చెప్తా. చాలా ప్రమాదాల్లో తప్పు కార్మికుడిదే. బొగ్గు మోసే బెల్టు నడుస్తుంటే దాటుతారు, టబ్బుల మధ్య దూరతారు. దానికి ఏ కంపెనీ ఏం చేస్తుంది?

బాయిబిడ్డ, ఉప్పల్ | రాత్రి 10:26

మా నాన్న టబ్బుల మధ్య దూరలేదన్నా. టబ్బుకు టబ్బును కలిపే కప్లింగ్ తగిలిస్తున్నాడు. పనే అది.

గని09, ప్రస్తుతం నాచారం | రాత్రి 11:10

నేను మైనింగ్ డిప్లొమా చేశాను. ఓవర్‌మన్‌గా, అంటే గనిలో షిఫ్టు పని చూసే సూపర్‌వైజర్‌గా, కొన్నేళ్లు చేసి మానేశాను. వేరే రాష్ట్రంలో, ఒక ప్రైవేటు గని, పేరు వద్దు. కాబట్టి నా మాట సింగరేణి మీద ఫిర్యాదుగా తీసుకోకండి.

‘కార్మికుడి తప్పు’ అనే మాట ఎంక్వైరీ కాగితాల్లో చాలా చూశాను. కప్పు కింద సపోర్టు పెట్టకముందే మనిషి ముందుకెళ్లాడు, చనిపోయాడు, కాబట్టి తప్పు అతనిది. కాగితం అక్కడితో ఆగుతుంది. ఎందుకు వెళ్లాడు? యంత్రం ఖాళీగా నిలబడి ఉంది, షిఫ్టు టార్గెట్ పూర్తి కాలేదు, కావాల్సినన్ని బోల్టులు కిందికి దిగలేదు. ఇవన్నీ తెలిసి ‘కానివ్వు’ అన్న వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రోజు ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడు మీతో మాట్లాడుతున్నా.

కప్పు గడ్డపారతో కొట్టి చూస్తే గట్టి రాయి ఖంగుమంటుంది, విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిన చోట డ్రెస్సింగ్ చెయ్యాలి, అంటే వదులు రాళ్లను పక్క నుంచి గడ్డపారతో కిందికి లాగెయ్యాలి. అది చేస్తున్నంతసేపూ ఉత్పత్తి ఆగుతుంది. గొడవంతా అక్కడే ఉంది. అడ్రియాలలో పోయిన ముగ్గురిలో ఒకరు ఏరియా సేఫ్టీ ఆఫీసర్. రూల్ తెలియక పోయాడని ఆయన్ని ఎవరైనా అనగలరా?

ఇక బాయిబిడ్డ తమ్ముడికి. ఓపెన్‌కాస్టులో కప్పు లేదు, నిజమే. గోడ ఉంది. 2016 డిసెంబర్ 29న జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ ఓపెన్‌కాస్టులో మట్టి జారిపడి 23 మంది కూరుకుపోయారు. మన దగ్గరే 2020 జూన్ 2న రామగుండం ఓపెన్‌కాస్టు ఓసీపీ–1లో పేలుడు పదార్థాలు పేలి నలుగురు అక్కడికక్కడే పోయారు. వాళ్లంతా కాంట్రాక్టు కార్మికులు. డంపర్ల సంగతి వేరే. వంద టన్నుల డంపర్ క్యాబిన్‌లో కూర్చుంటే ముందున్న జీపు కూడా కనపడదు. వాన పడ్డ రాత్రి షిఫ్టులో డంపర్లు తిరిగే హాల్ రోడ్డు మీద నడిచి చూస్తే తెలుస్తుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఒకే దెబ్బకు వందల మంది పోయే ప్రమాదాలు భూగర్భంలోనే జరిగాయి. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలాలో పైన నిలిచిన నీళ్లు కింది గనిలోకి దూసుకొచ్చి 375 మంది పోయారు. నీళ్లు నిలిచిన పాత పనులకు, అంటే గతంలో తవ్వి వదిలేసిన చోట్లకు, 60 మీటర్ల లోపు వెళ్లాలంటే ముందే రాతపూర్వక అనుమతి కావాలని రూల్ పుస్తకంలో ఉంది. పాత పనులు ఎంత దాకా సాగాయో ప్లాన్‌లో కచ్చితంగా గీసి ఉంటేనే ఆ రూల్‌కి అర్థం. 7 ఎల్‌ఈపీ పేరు వింటే నాకు ఇప్పటికీ ఆ ప్లాన్ కాగితాలే గుర్తొస్తాయి.

ఈసీఐఎల్‌అక్క | ఉదయం 6:15

రాత్రంతా మగవాళ్లు టన్నులు, మీటర్లు మాట్లాడారు. నేను ఇంటి సంగతి చెప్తాను.

మా నాన్న ముప్పై ఏళ్లు కిందికి దిగాడు. ఒక్క ప్రమాదం లేదు, ఒక్క గాయం లేదు. మీ లెక్కల్లో ఆయన క్షేమంగా ఉన్న మనిషి. ఇప్పుడు మా రెండో అంతస్తు ఎక్కాలంటే మధ్యలో రెండుసార్లు కూర్చుంటాడు. రాత్రి దగ్గు వస్తే పక్క ఫ్లాట్ వాళ్లకు వినిపిస్తుంది. బొగ్గు దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు చట్టంలో నోటిఫైడ్ వ్యాధి. డాక్టరు గుర్తిస్తే డీజీఎంఎస్‌కు తెలపాలి. ఇక్కడ ఒక పెద్దాసుపత్రిలో చూపిస్తే చీటీ మీద ఆస్తమా అని రాశారు. నాన్న ఏం పని చేసేవాడని ఎవరూ అడగలేదు.

ఆయన మెడికల్ అన్‌ఫిట్ అయిన రోజు మా ఇంట్లో స్వీట్లు పంచారు. నవ్వుతారేమో. అన్‌ఫిట్ అయితేనే కొడుక్కి ఉద్యోగం, అందుకని. మా తమ్ముడు ఇప్పుడు అదే పని చేస్తున్నాడు. నాన్న ఊపిరి పోయిందని బాధపడాలో, తమ్ముడికి మస్టర్ (హాజరు) పడిందని సంతోషపడాలో అమ్మకు తెలియలేదు. ఇద్దరికీ దిష్టి తీసింది.

ఓపెన్‌కాస్టు కావాలంటున్న బాబుకు ఒక మాట. మా అత్తగారి ఊరు ఓపెన్‌కాస్టు పక్కనే. మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగితే అల్మారాలో గిన్నెలు కదులుతాయి, గోడలకు పగుళ్లు. అక్కడ పీల్చే దుమ్ముకు మస్టరూ లేదు, మెడికల్ టెస్టూ లేదు. పైకి తెచ్చేస్తే ప్రమాదం పోదు బాబూ, ఊరందరి మీదా పడుతుంది.

అడ్మిన్ | ఉదయం 8:30

యూనియన్ల మీద తిట్లున్న మూడు పోస్టులు తీసేశాను. ఎన్నికల గొడవ వేరే చోట పెట్టుకోండి.

కరెంటుబిల్లు, మణికొండ | ఉదయం 9:12

అక్కా, మీ నాన్నగారి సంగతి చదివాక రాత్రి నేనన్న మాట కాస్త పొగరుగా అనిపించింది. సారీ. కానీ పరిస్థితి మారింది కదా. 2024 ఫిబ్రవరిలో సింగరేణి కార్మికులకు కోటి రూపాయల ప్రమాద బీమా పెట్టారు. ఏటా రక్షణ పక్షోత్సవాలు చేస్తారు. ప్రైవేటు కంపెనీలో నాకు ఇందులో సగం కూడా లేదు.

లెక్కలపంతులు, కూకట్‌పల్లి | ఉదయం 9:40

బీమా మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ మనిషి పోయాక వచ్చే డబ్బును రక్షణ లెక్కలో వెయ్యకు.

ఒక అంకె చెప్తా. 2024 దసరాకు ముందు లాభాల వాటా ప్రకటించారు. రెగ్యులర్ కార్మికుడికి సగటున లక్షా 90 వేలు. పాతిక వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా 5 వేలు. అదీ మొదటిసారి ఇచ్చారు, కాబట్టి మెచ్చుకోవాల్సిందే. అయినా ఓపెన్‌కాస్టులో మట్టి తీసే పని ఎక్కువగా కాంట్రాక్టర్లదే. బొగ్గుకు చేరాలంటే ముందు ఆ మట్టి తియ్యాలి. భూగర్భ బావి మూసేస్తే అందులోని పర్మనెంట్ మనిషి పైకొచ్చి సర్ఫేస్ మీద కూర్చుంటాడు, కొత్త గోతిలో దిగేది కాంట్రాక్టు పిల్లగాడు. తమ్మీ అడిగిన ప్రశ్నకు నా జవాబు అదే.

గని09 | ఉదయం 11:02

పంతులు గారి మాటకు ఇంకొకటి కలుపుతా. దెబ్బ తగిలిన మనిషి 72 గంటలు, ఆపైన పనికి రాలేకపోతే అది రిపోర్టబుల్ గాయం, పైకి తెలపాలి. నేను పనిచేసిన చోట దానికో ఉపాయం ఉండేది. కాలికి కట్టుతో ఉన్నవాడిని జీపులో తీసుకొచ్చి ల్యాంప్ రూంలో (టోపీ దీపాలు ఇచ్చే గదిలో) కూర్చోబెట్టి మస్టర్ వేసేవాళ్లం. జీతం పోదని అతనికి సంతోషం. రికార్డు శుభ్రంగా ఉందని మాకు సంతోషం. మస్టర్ పుస్తకంలో సంతకం నాదే.

బాయిబిడ్డ, ఉప్పల్ | సాయంత్రం 7:50

అన్నీ చదివాను. భూగర్భం మూసెయ్యాలన్న మాట మీద నిన్నంత గట్టిగా లేను. అలాగని కప్పు కిందికి మనిషిని పంపడం సరే అని కూడా అనలేను. నాన్నకు ఫోన్ చేసి అడిగితే, ‘నన్నెందుకు అడుగుతవ్, ఇప్పుడు దిగుతున్నోళ్లను అడుగు’ అన్నాడు.

అన్నట్టు, మా చిన్నాన్న కొడుకు వచ్చే సోమవారం నుంచి ఒక ఓపెన్‌కాస్టులో మట్టి కాంట్రాక్టర్ దగ్గర డంపర్ హెల్పర్‌గా చేరుతున్నాడు. వాడికి ఏం చెప్పమంటారు?

గని09 | రాత్రి 8:15

మొదటిది, గని రిజిస్టర్‌లో, అదే ఫారం బిలో, పేరు ఎక్కిందో లేదో చూసుకోమను. అది లేకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు ‘ఆ మనిషి మా దగ్గర లేడు’ అంటారు. ట్రైనింగ్ సెంటర్‌కు పంపకుండా నేరుగా పనిలో పెడితే వెళ్లొద్దను. చేరేముందు మెడికల్ పరీక్ష చేయాలి, ఆ పరీక్ష రిపోర్టు, అదే ఫారం ‘O’, దాని కాపీ అడిగి ఇంట్లో పెట్టుకోమను, ఎక్స్‌రే కూడా. ఇరవై ఏళ్ల తర్వాత అక్క వాళ్ల నాన్న లాగా అడగాల్సి వస్తే, చేరినప్పుడు ఊపిరి ఎలా ఉందో చెప్పేది ఆ కాగితమే. రివర్స్ హారన్ పనిచేయని డంపర్ వెనక నిలబడొద్దను.

బాయిబిడ్డ, ఉప్పల్ | రాత్రి 8:52

ఇప్పుడే వాడికి ఫోన్ చేశాను. రిజిస్టర్ సంగతి వాడికి తెలియదు. ట్రైనింగ్ ‘తర్వాత చూద్దాం’ అన్నారట. హెల్మెట్, బూట్లు ఇచ్చారట, వాటి డబ్బులు మొదటి నెల జీతంలో కోస్తారట.

గని09 | రాత్రి 8:55

బూట్లకు, హెల్మెట్‌కు పైసా కోయకూడదు. ఉచితంగా ఇవ్వాలని రెగ్యులేషన్‌లోనే ఉంది. వాడి నంబర్ నాకు ఇన్‌బాక్స్‌లో పెట్టు, సోమవారం లోపు మాట్లాడతా.