చదువరీ, చుట్టూ చూడు: ఒక సమాధి వాక్యం తెలుగులో ఎలా?

లండన్‌లో సెయింట్ పాల్స్ కెథీడ్రల్ కట్టిన క్రిస్టఫర్ రెన్ 1723లో, 90 ఏళ్లు దాటాక పోయారు. కింద నేలమాళిగలో సమాధి మీద సాదా నల్లరాయి, పక్కన గోడ మీద కొన్ని లాటిన్ మాటలు. రాసింది కొడుకేనంటారు. 1708లో ఆ కట్టడం మీద ఆఖరి రాయి పెట్టిందీ ఆ కొడుకే.

అందరికీ తెలిసింది చివరి వాక్యం: "లెక్తొర్, సి మొనుమెంతుం రెక్విరిస్, కిర్కుంస్పికె." నిన్న మన గ్రూపులో ఒకరు "పాఠకుడా, మీరు స్మారక చిహ్నాన్ని అన్వేషిస్తున్నట్లయితే పరిసరాలను పరిశీలించండి" అని రాశారు. అర్థంలో తప్పు లేదు, కానీ ఉలితో చెక్కే మాటకు అంత పొడుగు పనికిరాదు. 'కిర్కుం' అంటే చుట్టూ, 'స్పికె' అంటే చూడు. 'లెక్తొర్'కి మనకు చదువరి ఉండనే ఉన్నాడు. 'మొనుమెంతుం' గుర్తు చేయడం అనే ధాతువు నుంచి పుట్టింది, మన 'స్మారకం' లాగే. "చదువరీ, స్మారకం వెతుకుతున్నావా, చుట్టూ చూడు." 'చూడండి' వద్దనే నా అభిప్రాయం. ఎదురుగా నిలబడ్డ ఒక్క మనిషిని రాయి పలకరిస్తోంది కదా.

నన్ను మూడు రోజులుగా వదలనిది మొదటి వాక్యం. అందులో 'కొందితుర్' అంటే పూడ్చబడి ఉన్నాడు, 'కొందితోర్' అంటే కట్టి నిలిపినవాడు. రెండూ ఒకే క్రియ! తెలుగులో దీనికి దగ్గరిది 'పాతు': పందిరి గుంజనూ పాతుతాం, శవాన్నీ పాతుతాం. కానీ పెద్దాయన్ని 'పాతారు' అంటే చెవికి మొరటుగా తగులుతుంది. చివరికి ఇలా కుదిరింది:

"ఈ చర్చినీ ఈ నగరాన్నీ నెలకొల్పినవాడు ఈ నేలకిందే ఉన్నాడు."

నెల, నేల పక్కపక్కన పడి కాస్తయినా ఆ మోగింపు వచ్చింది. నగరాన్ని నెలకొల్పడం అతిశయోక్తి కాదా అనొచ్చు. 1666లో లండన్ తగలబడ్డాక 50కి పైగా చర్చిలు ఆయన చేతి మీదుగా లేచాయి. కొడుక్కి ఆ మాట అనే హక్కుంది.

మధ్యలో "తనకోసం కాదు, పదిమంది మేలు కోసం బతికాడు" అనే మాట కూడా ఉంది. 1669 నుంచి చేసిన, రాజుగారి కట్టడాలు చూసుకునే సర్వేయర్ పదవి నుంచి 1718లో ఆయన్ని తీసేశారు. ఆ బాధ ఈ మాటలో ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

'కొందితుర్'కి ఇంకా దగ్గరి మాట ఎవరికైనా తడితే తప్పకుండా చెప్పండి.