నొవాక్ అనేది జొకోవిచ్ పేరా, వేరేవాళ్ల ఇంటిపేరా?

టెన్నిస్_రాత్రులు:

చాలా రోజులుగా బుర్ర తినేస్తున్న సందేహం, తెలిసినవాళ్లు తీర్చండి. టెన్నిస్ ఆటగాడు జొకోవిచ్ పూర్తి పేరు నొవాక్ జొకోవిచ్ కదా, అంటే నొవాక్ పెట్టిన పేరు, జొకోవిచ్ ఇంటిపేరు. ఇంతవరకు ఓకే. నిన్న పాత హాలీవుడ్ తారల గురించి చదువుతుంటే కిమ్ నొవాక్ అని ఒకావిడ తగిలింది, అక్కడ నొవాక్ ఇంటిపేరు. ఆ మధ్య హంగరీకి అధ్యక్షురాలిగా చేసిన కతాలిన్ నొవాక్‌కి కూడా ఇంటిపేరే. పోలండ్ వైపు చూస్తే ఎక్కడ రాయి విసిరినా ఒక నొవాక్‌కి తగిలేలా ఉంది. వీళ్లంతా ఏదో ఒక పెద్ద వంశం వాళ్లా? లేక మతపరమైన పేరా?

ఇంకో డౌట్ కూడా. అక్కడ ఆడవాళ్ల ఇంటిపేరుకి చివర 'ఓవా' తగిలిస్తారు కదా, నవ్రాతిలోవా, షరపోవా లాగా. మరి కిమ్ నొవాక్ కిమ్ నొవాకోవా ఎందుకు అవలేదు? గూగుల్‌లో వెతికితే పిల్లల పేర్ల సైట్లు వచ్చి లక్కీ నంబరు, లక్కీ రంగు చెబుతున్నాయి, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మాటలమూట:

వంశమూ కాదు, మతమూ కాదండి. స్లావిక్ భాషల్లో (చెక్, పోలిష్, రష్యన్, సెర్బియన్ లాంటివి) 'నొవ్' అంటే కొత్త. మన నవ, నవీన అనే మాటలున్నాయే, అవీ ఇవీ వేల ఏళ్ల కింద ఒకే మూలం నుంచి విడిపోయినవే. కాబట్టి నొవాక్ అంటే 'కొత్తవాడు', ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఊరికి కొత్తగా వచ్చినవాడు.

ఈ పేరు ఎవరూ తమకి తాము పెట్టుకున్నది కాదు, అప్పటికే అక్కడున్నవాళ్లు పెట్టింది. ఊళ్లో యాన్ అనే పేరున్నవాళ్లు ముగ్గురు ఉన్నారనుకోండి, ఒకడు కమ్మరి, ఒకడికి ఉంగరాల జుట్టు, మూడోవాడు నిరుడే ఎక్కడి నుంచో వచ్చి పొలం తీసుకున్నాడు. కమ్మరివాడు కొవార్జ్ అవుతాడు, జుట్టువాడు కుచెరా అవుతాడు, మూడోవాడు నొవాక్. వాడి మునిమనవడు ఆ ఊళ్లోనే పుట్టి పెరిగి ముసలివాడైపోయినా సరే, ఇంకా 'కొత్తోళ్ల అబ్బాయే'. కొత్తగా అడవి కొట్టి చదును చేసిన భూమిలో కాపురం పెట్టినవాణ్ని కూడా ఇలాగే పిలిచేవారని ఇంకో వివరణ ఉంది, రెండిట్లోనూ అసలు సంగతి మాత్రం ఒకటే.

కొత్తవాడు లేని ఊరు ఉండదు కదా. అందుకే ఈ పేరు వందల ఊళ్లలో, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, విడివిడిగా పుట్టింది. చెక్ దేశంలో అత్యధికులకున్న ఇంటిపేరు ఇదే, పోలండ్‌లోనూ ఇదే (అక్కడ దాదాపు 2 లక్షల మంది), స్లొవేనియాలోనూ ఇదే. స్లొవేనియా మొత్తం జనాభా 20 లక్షల పైచిలుకు, అందులో సుమారు 11 వేల మంది నొవాక్‌లు. మూడు దేశాల్లో నంబర్ వన్ పేరుకి అర్థం 'మనవాడు కాదు, బయటివాడు' అని ఉండటం నాకైతే భలే నవ్వొస్తుంది.

అయితే ఈ పిలుపులు మొదట్లో గట్టిగా అతుక్కునేవి కావు. అదే మనిషి పొలం మారితే పేరు కూడా మారిపోయేది. అప్పట్లో చెక్, స్లొవేనియా ప్రాంతాలు ఉన్న హాబ్స్‌బర్గ్ రాజ్యంలో 1780ల్లో రెండో జోసెఫ్ చక్రవర్తి, తండ్రి ఇంటిపేరే పిల్లలకీ రావాలి, ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు అని చట్టం చేశాక ఇవి స్థిరపడ్డాయి. పన్నుల లెక్కలకీ సైన్యంలో చేర్చుకోవడానికీ జనం పేర్లు నిలకడగా ఉండాలి కదా, అదీ సంగతి.

బ్ర్నోలో_అయిదేళ్లు:

'ఓవా' సంగతి నేను చెప్తా, చెక్ దేశంలో అయిదేళ్లున్నాను కాబట్టి ఈ విషయంలో తలనొప్పి పూర్తిగా అనుభవించాను.

చెక్‌లో మగవాడు నొవాక్, అతని భార్యా కూతురూ నొవాకోవా, ఇంటిల్లిపాదినీ కలిపి చెప్పాలంటే నొవాకొవి. నేనున్న అపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర బెల్ బటన్ల పక్కన పేర్లుండేవి, అందులో ఒక నొవాక్, ఒక నొవాకోవా. మొదట్లో మొగుడూ పెళ్లాం వేరు వేరు ఫ్లాట్లలో ఎందుకుంటున్నారా అని అనుకునేవాణ్ని. ఏమీ లేదు, ఇద్దరికీ చుట్టరికమే లేదు. ఒకళ్ల పార్సెల్ ఇంకొకళ్లకి ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కలేదు, ఆవిడ చివరికి తన పేరు పక్కన ఎర్ర పెన్నుతో ఫ్లోర్ నంబరు రాసుకుంది.

వాళ్లు ఈ 'ఓవా'ని బయటి దేశాల ఆడవాళ్లకి కూడా తగిలించేస్తారు. అక్కడి పేపర్లలో జర్మనీ మాజీ ఛాన్సలర్ మెర్కెల్ 'మెర్కెలోవా'. ఎందుకంటే చెక్‌లో నామవాచకానికి విభక్తి ప్రత్యయం చేరాలి, ఓవా లేని ఆడపేరుకి అది చేరదు, వాక్యంలో ఎవరు ఎవర్ని కొట్టారో తెలియకుండా పోతుంది. వాళ్ల వాదన అది. కానీ ఓవా వద్దనుకునే చెక్ మహిళలు కూడా చాలామందే ఉన్నారు. ఇదివరకు విదేశీయుణ్ని పెళ్లి చేసుకోవడమో, విదేశంలో ఉండబోవడమో ఇలా ఏదో ఒక కారణం చూపిస్తే తప్ప ఒప్పుకునేవారు కాదు. 2022 జనవరి 1 నుంచి చట్టం మారింది, ఇప్పుడు కారణం చెప్పక్కర్లేదు, నొవాక్ అని పెట్టుకోవాలంటే పెట్టుకోవచ్చు.

పోలిష్ లెక్క వేరు. కొవాల్‌స్కీ భార్య కొవాల్‌స్కా అవుతుంది, ఎందుకంటే అది విశేషణంలాంటి పేరు. నొవాక్ మాత్రం ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా నొవాకే. పాతకాలంలో పెళ్లయితే నొవాకొవా, పెళ్లి కాని కూతురైతే నొవాకువ్నా అనేవారట, అంటే పేరు వినగానే పెళ్లయిందో లేదో ఊరంతటికీ తెలిసిపోతుంది. అది ఇప్పుడు దాదాపు పోయింది, పోవడమే మంచిదయింది.

కిమ్ నొవాక్ అమెరికాలో పుట్టింది, 1933లో, షికాగోలో. కుటుంబం చెక్ మూలాలదే. అమెరికా వెళ్లినవాళ్లు అక్కడి రికార్డుల్లో అందరికీ ఒకే పేరు ఉండాలి కాబట్టి ఓవా వదిలేశారు. అంతే.

పాతసినిమాల_పిచ్చి:

కిమ్ నొవాక్ గురించి ఒక ముక్క. ఆమె అసలు పేరు మెరిలిన్ పాలీన్ నొవాక్. అప్పటికే మెరిలిన్ మన్రో ఉంది కాబట్టి మెరిలిన్ కుదరదన్నారు, సరే. స్టూడియో వాళ్లు కిట్ మార్లో అని మొత్తం పేరే మార్చేద్దామన్నారు, నొవాక్ అంటే మరీ వలసవాళ్ల పేరులా ఉందని వాళ్ల బాధ. మొదటి పేరు మార్చుకోండి గానీ నొవాక్ జోలికి రావద్దని ఆవిడ పట్టుబట్టి నిలబెట్టుకుంది. ఇప్పుడు దాని అర్థం తెలిశాక ఇంకా బాగుంది, కొత్తగా వచ్చినవాడు అనే పేరుని కొత్త దేశంలో దాచమన్నారన్నమాట.

కోర్టు_బయట:

నవ్రాతిలోవా కూడా ఇదే కదా? నవ్ అంటే కొత్త, అంటే కొత్తమ్మాయి అనేగా అర్థం?

మాటలమూట:

కాదండి, ఇక్కడే చాలామంది పొరబడతారు. అందులో 'నవ్' లేదు, 'న' విడిగా, 'వ్రాత్' విడిగా చదవాలి. నవ్రాతిల్ అంటే చెక్‌లో 'తిరిగొచ్చాడు' అని. ఆ 'వ్రాత్' మన ఆవృత్తి, పునరావృత్తిలో ఉన్న 'వృత్' ధాతువుకి చుట్టమే, తిరగడం అనే అర్థం. చెక్ వాళ్లకి ఇలా భూతకాల క్రియలే ఇంటిపేర్లుగా ఉండటం మామూలు. పొస్పిషిల్ అంటే 'తొందరపడ్డాడు' (కెనడా టెన్నిస్ ఆటగాడు వాసెక్ పొస్పిషిల్‌ది అదే), దొలెజల్ అంటే పనీపాటా లేకుండా 'పడుకున్నాడు'. ఎవడో తాతగారు ఒక్కరోజు బద్ధకించి ఉంటాడు, పాపం ఆ కుటుంబం ఇన్ని వందల ఏళ్లుగా మోస్తోంది.

మార్టినాకి అది పుట్టుకతో వచ్చిన పేరు కూడా కాదు, సవతి తండ్రి పేరు. 1975లో యూఎస్ ఓపెన్ ఆడటానికి వెళ్లి అక్కడే ఆశ్రయం అడిగింది. 'తిరిగొచ్చాడు' అని పేరున్న అమ్మాయి అప్పుడు తిరిగి వెళ్లలేదు.

మీరు వెతుకుతున్న 'కొత్త' ఉన్న టెన్నిస్ పేరు యానా నొవొత్నాది (మన పేపర్లు జానా అని రాసేవి). మగవాళ్లకి నొవొత్నీ, అర్థం నొవాక్ లాంటిదే, కొత్తగా వచ్చి స్థిరపడినవాడు. 1993 వింబుల్డన్ ఫైనల్లో గ్రాఫ్ చేతిలో ఓడి డచెస్ ఆఫ్ కెంట్ భుజం మీద తలపెట్టి ఏడ్చింది చూడండి, ఆవిడే. 1998లో గెలిచింది. 2017లో చిన్న వయసులోనే పోయింది.

రికార్డు_గది:

ఎవరూ ప్రస్తావించలేదు గానీ నొవాక్ అనే పేరు దాక్కోవడానికి కూడా పనికొచ్చింది. చెక్ ఫారాల్లో నమూనా పేరు యాన్ నొవాక్, స్లొవేనియాలో యానెజ్ నొవాక్, అంటే 'ఫలానా వ్యక్తి' అని చెప్పే పేరు. రెండో ప్రపంచ యుద్ధంలో జ్జిస్వావ్ యెజొరాన్‌స్కీ అనే పోలిష్ మనిషి రహస్య వార్తాహరుడిగా వార్సాకీ లండన్‌కీ మధ్య తిరిగాడు, అతను పెట్టుకున్న మారుపేరు యాన్ నొవాక్. లక్షల మందికి ఉన్న పేరైతే ఎవరు పట్టుకుంటారు. యుద్ధం అయ్యాక కూడా వదల్లేదు, చివరిదాకా యాన్ నొవాక్ యెజొరాన్‌స్కీ అనే పిలిచారు. 1952 నుంచి 1976 దాకా రేడియో ఫ్రీ యూరప్ పోలిష్ విభాగం నడిపింది ఈయనే.

ఇంకొకడు గ్రిగొరీ నొవాక్, చెర్నోబిల్‌లో పుట్టిన యూదు వెయిట్‌లిఫ్టర్. 1946 పారిస్ పోటీల్లో గెలిచి సోవియట్ యూనియన్‌కి మొదటి ప్రపంచ చాంపియన్ అయ్యాడు, 1952 ఒలింపిక్స్‌లో రజతం. తర్వాత సర్కస్‌లో చేరి బరువులు ఎత్తాడు. అంటే మతంతో సంబంధం లేదని మాటలమూట గారు చెప్పింది నిజమే, క్రైస్తవులకీ యూదులకీ ఉందీ పేరు.

ఇదే 'నొవ్' నుంచి రష్యాలో నొవికొవ్ వచ్చింది. మాస్కో రాజ్యంలో సైనిక సేవలో కొత్తగా పేరు నమోదైన కుర్రాణ్ని నొవిక్ అనేవారు. గణితంలో 1970 ఫీల్డ్స్ మెడల్ వచ్చిన సెర్గెయ్ నొవికొవ్ ఇంటిపేరు అదే, మెడల్ తీసుకోవడానికి ఫ్రాన్స్ వెళ్లనివ్వలేదు ఆయన్ని. పోలిష్‌లో నొవిత్స్కీ కూడా ఈ కుటుంబంలోదే, ఆ పేరుతో మనకి ఒక సంబంధం ఉంది: చండీగఢ్ మొదటి ప్లాను మీద ఆల్బర్ట్ మేయర్‌తో కలిసి పనిచేసిన ఆర్కిటెక్ట్ మాచెయ్ నొవిత్స్కీ. 1950 ఆగస్టులో ఈజిప్టులో విమానం కూలి చనిపోయాడు, ఆ తర్వాతే చండీగఢ్ ప్లానుకి పేరొచ్చిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియే వచ్చాడు.

టెన్నిస్_రాత్రులు:

అబ్బో, ఇంత ఉందా దీని వెనక! అందరికీ థాంక్స్. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఊళ్లోవాళ్లు పెట్టే పిలుపు అయితే జొకోవిచ్‌కి అది పెట్టిన పేరు ఎలా అయింది? అమ్మానాన్నా పుట్టిన బిడ్డని 'బయటివాడా' అని పిలుస్తారా?

దక్షిణ_స్లావ్:

సెర్బ్‌లలో కథ వేరు. అక్కడ నొవాక్ అనేది శతాబ్దాలుగా పెట్టిన పేరే, అర్థం కూడా మామూలుగా 'కొత్తవాడు', మన నవీన్ లాగా అనుకోండి. నొవాక్ జొకోవిచ్‌ని తెలుగు చేస్తే మొదటి సగం నవీన్. చెక్ వాళ్లకి ఇంటిపేరు, సెర్బ్‌లకి పేరు, అదే మాట. సెర్బ్‌లలో ఇది ఇంటిపేరు కావాలంటే చివర 'ఇచ్' చేరి నొవాకొవిచ్ అవుతుంది, నొవాక్ కొడుకు అని. 19వ శతాబ్దపు రాజనీతిజ్ఞుడు, చరిత్రకారుడు స్తొయాన్ నొవాకొవిచ్ పేరు అలా వచ్చిందే.

ఈ పేరు అక్కడ జనం నోట్లో ఇంతగా నానడానికి ఒక కారణం స్తారినా నొవాక్. 16వ శతాబ్దంలో తుర్కుల మీద తిరగబడ్డ హైదుక్, అంటే అడవుల్లో ఉండి పోరాడే బందిపోటు వీరుడు. తమ్ముడు రదివొయె, కొడుకు గ్రుయిత్సా, వీళ్ల మీద సెర్బ్ జానపద వీరగాథలు బోలెడున్నాయి. రొమేనియా వాళ్లు కూడా బాబా నొవాక్ అని తమ వీరుడే అంటారు, ఎందుకంటే వాళ్ల రాజు మిహాయ్ వితెయాజుల్ వైపు నిలిచి పోరాడాడు. 1601 ఫిబ్రవరిలో రొమేనియాలోని క్లుజ్ పట్టణంలో మంటల్లో కాల్చి చంపారు, ఇప్పుడు అక్కడే విగ్రహం ఉంది. తమాషా ఏమిటంటే స్తారినా అంటే ముసలాయన, నొవాక్ అంటే కొత్తవాడు. కలిపితే ముసలి కొత్తోడు. 30 దాటాక కూడా ఆపకుండా గ్రాండ్‌స్లామ్‌లు కొడుతూ మొత్తం 24 చేసినవాడికి ఇంతకన్నా సరిపోయే పేరు ఏముంటుంది చెప్పండి.

కోర్టు_బయట:

హహ, సూపర్. నవ్రాతిలోవా విషయంలో తప్పు ఒప్పుకుంటున్నా. అది సరే, జొకోవిచ్ అంటే ఏంటి మరి? జోకులేసేవాడి కొడుకా?

దక్షిణ_స్లావ్:

జోకులు బాగానే వేస్తాడు గానీ అది కాదు. జొకో కొడుకు. జొకో అనేది జోర్జె, అంటే జార్జ్‌కి ముద్దుపేరు, మొదట్లో ఉన్న అక్షరం 'జ'కీ 'డ్య'కీ మధ్య పలుకుతుంది, అందుకే ఇంగ్లిష్‌లో డీ జే అని రెండక్షరాలు పెడతారు. ఇంకా తమాషా కావాలంటే, ఈయన చిన్న తమ్ముడి పేరు జోర్జె.